డఫేదారు మస్తాన్ సర్వీసుకు సాక్షి ఎవరు?

ట్రెజరీలో ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి మా ఇంటికి వచ్చే పిల్లలు అందరూ ఒకటే అడుగుతారు. "తాతగారూ, పని ఎలా ఉంటుంది?" పని అంటే వాళ్ళ ఉద్దేశం ప్రమోషను ఎప్పుడొస్తుంది, ట్రాన్స్‌ఫరు ఎక్కడికి వేస్తారు అని. ఆ జాతకాలు చెప్పడం నాకు చేత కాదు. నేను నరసరావుపేట సబ్ ట్రెజరీలో గుమాస్తాగా చేరి, గురజాల, మాచర్ల, సత్తెనపల్లి తిరిగి, చివరికి మళ్ళీ నరసరావుపేటలోనే కుర్చీ దిగినవాణ్ణి. నాకు తెలిసిందల్లా కుర్చీల్లో కూర్చున్న మనుషుల సంగతి. అందులో మెచ్చుకోవలసినది కొంచెం, ఛీ అనుకోవలసినది చానా. మర్యాద కోసం దాన్ని తిరగేసి చెప్పమంటే చెప్పను. రిటైరయ్యాక కూడా మర్యాద పాటిస్తే ఇక రిటైరవడం ఎందుకు?

మొహం చూపించే రోజు

మా ఆఫీసులో రకరకాల బల్లలు ఉండేవి. నా బల్ల పింఛన్లది. నెల మొదట్లో వరండా నిండా ముసలివాళ్ళే. అప్పట్లో బ్యాంకులో జమచేయడాలు అవీ లేవు. పింఛనుదారు స్వయంగా రావాలి, బతికే ఉన్నానని మొహం చూపించాలి. మా దగ్గరి కాయితంలో అతని గుర్తులు రాసి ఉంటాయి, ఎడమ కనుబొమ మీద గాటు, కుడి మోచేతి దగ్గర పుట్టుమచ్చ, ఇలాగన్నమాట. ఫిర్కాలోని ఊళ్ళన్నిటినీ గడగడలాడించిన పోలీసు హెడ్డు కూడా చొక్కా చెయ్యి పైకి మడిచి మచ్చ చూపించాల్సిందే. గుర్తు చూసి, పేరు పిలిచి, సంతకమో వేలిముద్రో తీసుకుని చీటీ రాసిస్తే, పక్క కిటికీలో షరాబు డబ్బు ఇచ్చేవాడు.

కొత్తగా చేరినప్పుడు ఇది చులకన పని అనుకున్నాను. మిషన్ బడిలో చదువుకుని, ఊళ్ళో అందరి చేతా "దావీదు ఇంగ్లీషు దంచుతాడు" అనిపించుకున్నవాణ్ణి, ముసలివాళ్ళ మోచేతులు చూడటానికా వచ్చింది అని విసుక్కునేవాణ్ణి. ఏడాది తిరిగేసరికి విసుగు పోయింది. ఆ వరండాలో కూర్చున్న ప్రతి మనిషికీ ఆ ఒక్క రోజే నెల అని తెలిసింది. నకరికల్లు నుంచి నడిచి వచ్చేవాళ్ళు, అచ్చంపేట వైపు నుంచి బండి కట్టించుకుని వచ్చేవాళ్ళు, వాళ్ళకు మన సంతకం అంటే బియ్యం. మీరు ఏ బల్ల దగ్గర కూర్చున్నా ముందు తెలుసుకోవలసింది ఇదే. మిగతా రూల్సు అన్నీ పుస్తకంలో ఉన్నాయి, చదువుకోవచ్చు.

మూటలు కట్టుకునే విద్య

తెల్ల ఆఫీసర్ల విషయంలో ఒక సంగతి ఒప్పుకోక తప్పదు. పోయేముందు వాళ్ళ మూట వాళ్ళు గట్టిగా కట్టుకున్నారు. స్వరాజ్యం చేతికి రాకముందే ఒప్పందం రాసుకున్నారు. పింఛను సముద్రం అవతల కూడా నెల తప్పకుండా అందాలి, ఉద్యోగం మధ్యలో పోయినందుకు పరిహారం ఇవ్వాలి. అందింది, ఇచ్చారు. ఏ దొరనూ "నువ్వు ఫలానా క్యాంపులో పనిచేశావనడానికి సాక్షి ఎవరు?" అని అడిగినవాడు లేడు. దొర గుర్రానికి మాలీషు చేసినవాడు, దొరకు వంట చేసినవాడు, దొర ముందు డవాలి పటకా వేసుకుని నడిచినవాడు, వీళ్ళ ఊసు ఆ ఒప్పందంలో ఎందుకుంటుంది?

దొరలను నేను తిట్టను. ఎవరి మూట వాళ్ళు కట్టుకోవడం లోకరీతి. నా కోపం మనవాళ్ళ మీద. దొరల దగ్గర నేర్చుకోవలసిన విద్యలు ఇంకా ఉన్నాయి. వేళకు రావడం ఉంది, ఊళ్ళు తిరగడం ఉంది, జవాబు వెంటనే రాయడం ఉంది. అవన్నీ వదిలేసి మూట కట్టే విద్య ఒక్కటి మాత్రం క్షుణ్ణంగా నేర్చారు.

అది నా కళ్ళతో చూసింది మద్రాసు నుంచి ఆంధ్ర రాష్ట్రం వేరుపడే ముందు. అదీ ఒక అప్పగింతే. రికార్డులు మద్రాసులో ఉన్నాయి, మనుషులు ఇక్కడ ఉన్నారు. వేరుపడ్డాక ఫలానా వాడి పాత సర్వీసు సంగతి మద్రాసును అడిగితే వాళ్ళు "మీరెవరు?" అంటారని అందరికీ భయం. బజార్లో జనం మద్రాసు మనదా కాదా అని గొంతులు చించుకుంటుంటే, మా ఆఫీసర్లు తలుపులు దగ్గరకు వేసుకుని ఎవరి సర్వీసు వాళ్ళు సరిచేసుకుంటున్నారు. వారాల తరబడి మిగతా పని బందు. బంట్రోతుల కాయితాలు, కాపలా జవాన్ల కాయితాలు ఒక మూల కట్టకట్టి పెట్టారు. ఆ కట్ట మీద బల్లి గుడ్లు పెట్టింది. ఊరికే అనడం లేదు, నేనే దులిపాను.

పాత సర్వీసుకు రికార్డు దొరకకపోతే రూల్సులో ఒక దారి ఉండేది. ఆ రోజుల్లో ఆ ఆఫీసులోనే పనిచేసిన సర్కారు నౌకరు ఎవరైనా "నేనూ ఉన్నాను, ఇతనూ ఉన్నాడు" అని సాక్ష్యం చెప్పాలి. చెప్పింది రాసి, అతనికి చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. దాని మీద మా ఆఫీసరు సిఫారసు రాస్తే పైవాళ్ళు ఒప్పుకునేవారు. మంచి రూలు. మనిషి మాటకు విలువిచ్చే రూళ్ళు సర్కారులో అరుదు, ఇది ఒకటి.

స్పీక్ గారు

అప్పుడు మా ఆఫీసరును వెనకాల అందరూ "స్పీక్ గారు" అనేవాళ్ళు. అసలు పేరు చెప్పను, వాళ్ళ మనవలు ఈ ఊళ్ళోనే ఉన్నారు. ఏ ఫైలు పెట్టినా దాని మీద ఇంగ్లీషులో "స్పీక్" అని రాసి తిప్పి పంపేవాడు. వచ్చి మాట్లాడు అని అర్థం. సరే అని వెళ్ళి మాట్లాడితే, "నోటి మాటలు నాకెందుకయ్యా, రాసి పెట్టు" అనేవాడు. రాసి పెడితే మళ్ళీ "స్పీక్". ఇలా ఒక్క నిర్ణయం కూడా చెయ్యకుండా సర్వీసంతా లాగించిన మహానుభావుడు. తప్పు చేశాడని ఆయన మీద ఒక్క మచ్చ లేదు. ఏమీ చెయ్యనివాడు తప్పు ఎట్లా చేస్తాడు, గాడిద గుడ్డు!

మంచి ఆఫీసర్లు లేరా అంటే ఉన్నారు. తర్వాత రోజుల్లో, సాగర్ డ్యాం కట్టేటప్పుడు, మాచర్లలో ఒకాయన కింద పనిచేశాను. నోరు తెరిస్తే బూతు. కాని సాయంత్రం లేచేసరికి బల్ల మీద కాయితం ఉండేది కాదు. ఆ బూతులు ఇప్పటికీ నాకు తియ్యగానే వినపడతాయి. స్పీక్ గారు ఏనాడూ ఎవరినీ "ఒరేయ్" అని కూడా అనేవాడు కాదు, పనిబడితే తప్ప. మెత్తగా, నవ్వుతూ, మనిషిని నెలల తరబడి తిప్పేవాడు.

మస్తాన్

మస్తాన్ మాచర్ల మనిషి. కుర్రతనంలో తెల్ల సబ్ కలెక్టరు క్యాంపులో బిళ్ళ బంట్రోతుగా చేరాడు. దొర డేరాలు వేయించి గురజాల చుట్టుపక్కల ఊళ్ళు తిరిగే రోజులవి. తర్వాత నరసరావుపేట రెవెన్యూ ఆఫీసుకు వచ్చి, బంట్రోతుల మీద పెద్దగా డఫేదారు అయ్యి, అందులోనే రిటైరయ్యాడు. నరసరావుపేట సర్వీసుకు రికార్డు ఉంది. క్యాంపు సర్వీసుకు లేదు. గురజాలలో ఆ పాత క్యాంపు కాయితాలున్న గదికి చెదలు పట్టి, పెట్టెలు ఎత్తితే మట్టి రాలింది. ఆ ఏళ్ళు కలవకపోతే మస్తాన్‌కు నెలనెలా పింఛను రాదు. ఏదో కొంత ఒక్కసారి చేతిలో పెట్టి పొమ్మంటారు, అంతే.

అతను అప్పటికే మాచర్లలో నాపరాళ్ళ క్వారీకి పోతున్నాడు. అరవై ఏళ్ళ మనిషి, మెడలో డవాలి వేసుకుని నిటారుగా నడిచినవాడు, రాళ్ళు మోసి మోసి మా బల్ల దగ్గరకు వచ్చేసరికి నడుం పట్టుకుని నిలబడేవాడు. చేతుల నిండా రాతి కోతలు.

"మస్తాన్ భాయ్, ఆ క్యాంపులో నీతో పాటు పనిచేసిన సర్కారు నౌకర్లు ఎవరన్నా ఉన్నారా?" అని అడిగాను.

"అంతా పోయారయ్యా. డేరాలేసే కలాసీలు పోయారు, వంటాయన పోయాడు. ఒక్కరే మిగిలింది."

"ఎవరు?"

"అదిగో, లోపల కూకున్నాయన." గొంతు తగ్గించి నవ్వాడు. "మీ ఆఫీసరయ్య అప్పుడు మా క్యాంపులోనే గదా గుమాస్తాగా ఉండేది. టెంపరవరీ. బండి మీద కూకుని చీటీలు రాసేవాడు. సన్నగా రివటలాగుండేవాడు. దొర కుక్క ఒకటుండేది, గాడిదంత. ఓసారి అది ఆయన పంచె పట్టుకుంటే, అమ్మో నాయనో అని ఒకటే ఏడుపు. నేనే గదయ్యా ఇడిపించింది."

నాకు ప్రాణం లేచి వచ్చింది. సాక్షి కోసం ఊళ్ళు పట్టి తిరగక్కర్లేదు, సిఫారసు రాయవలసిన మనిషే సాక్షి! మస్తాన్ కాయితం పట్టుకుని లోపలికి వెళ్ళాను.

"గురజాల క్యాంపులో తమరూ ఉండేవారట గదండీ. మస్తాన్‌ను ఎరుగుదురట."

స్పీక్ గారు తల ఎత్తలేదు. "ఎవరు చెప్పారు?"

"మస్తానే చెప్పాడండి."

"నాకు గుర్తు లేదు."

"గుర్తు లేదని రాసి పెట్టమంటారా?"

"అది నోటి మాటయ్యా. రాసేది కాదు."

అప్పుడు తల ఎత్తాడు. ఆ మొహం చూడగానే నాకు అర్థమైంది. గుర్తు లేని మనిషి మొహం అలా ఉండదు. ఆయన నేరుగా కలెక్టరాఫీసులో చేరాడని, పెద్దవాళ్ళ సిఫారసుతో వచ్చాడని ఆఫీసులో చెప్పుకునేవాడు. బండి మీద కూర్చుని చీటీలు రాసిన సంగతీ, కుక్క పంచె పట్టిన సంగతీ ఎవరికీ చెప్పలేదు. ఆ కాస్త బడాయి కోసం మస్తాన్ పింఛను పోవాలి. ఇలాంటివాళ్ళను నేను సర్వీసులో చాలామందిని చూశాను. లంచం తిన్నవాడి మీద కూడా నాకు ఇంత అసహ్యం వెయ్యలేదు. వాడికి కనీసం ఆకలి ఉంది.

కుక్క సమాధి

బయటికి వచ్చి మస్తాన్‌తో, "ఆయనకు గుర్తు లేదంట" అన్నాను.

"గుర్తు లేదా?" మస్తాన్ ఆశ్చర్యపోయాడు. "పోనీలే. పెద్దోళ్ళకి చానా సంగతులుంటయ్యి. ఆ బండి తోలిన నాగయ్య ఉన్నాడు గురజాలలో, అడగండి. ఆ కుక్క సమాధి కూడా ఉంది. గుంట తవ్వింది నేనే."

ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక గురజాల బస్సెక్కాను. నాగయ్య ఇల్లు తేలిగ్గానే దొరికింది. ముసలాయన మంచం మీద కూర్చుని నన్ను ఎగాదిగా చూశాడు.

"మస్తానా? ఎందుకెరగను! క్యాంపులో మా ఇద్దరిదీ ఒకే పొయ్యి. ఏందంట, సర్కారోళ్ళు ఆడు పన్జెయ్యలేదంటన్నారా? మరి ఆ డేరా మేకులు ఎవుడు కొట్టాడంట, ఆళ్ళ తాతా?"

తర్వాత నన్ను దొరలు దిగే పాత బంగళా వెనక్కు తీసుకుపోయాడు. నిజంగానే కుక్క సమాధి ఉంది. కంపచెట్ల మధ్య నున్నటి నాపరాయి. దాని మీద కుక్క పేరు, చచ్చిన తారీకు, కింద ఇంగ్లీషులో "నమ్మకమైన సేవకుడు" అని చెక్కించాడు దొర. నేను చదివి తెలుగులో చెబితే నాగయ్య పగలబడి నవ్వాడు.

"కుక్కకి రాశాడా! మస్తానుకి రాయలేదా? ఓరి నీ దొరతనం పాడుగాను!"

నాకు నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది. ఆ కుక్క ఆ కొలువులో ఉందనడానికి పలనాడు ఉన్నంత కాలం సాక్ష్యం ఉంది. గుంట తవ్విన మనిషికి మట్టి కూడా మిగల్లేదు.

ఆ సంగతంతా రాసి పెట్టాను, నాగయ్య మాట కూడా రాసి పెట్టాను. ఫైలు "స్పీక్" అని తిరిగి వచ్చింది. వెళ్ళాను.

"నాగయ్య కిరాయి బండివాడు. సర్కారు నౌకరు కాడు. అతని సాక్ష్యం చెల్లదు" అన్నాడు స్పీక్ గారు. ఇది రూలు ప్రకారం సరైన మాటే, కాదనలేను. "ఇక ఆ రాయి అంటావా, అది కుక్కకు సాక్ష్యం. మస్తాన్‌కు కాదు."

"గుంట మస్తానే తవ్వాడండి."

"నువ్వు చూశావా?"

"నేను అప్పటికి పుట్టానో లేదో అండి. తమరు చూసి ఉంటారు."

చిరునవ్వు నవ్వాడు. "డేవిడ్, నువ్వు మంచి పనిమంతుడివి. అప్పగింత పూర్తయ్యేదాకా ఇలాంటి వాటి మీద కాలం పాడుచేయకు." అని ఫైలు మీద "సాక్షి లేనందున తిరస్కరించడమైనది" అని రాశాడు. ఆయన సర్వీసులో అంత చురుగ్గా చేసిన నిర్ణయం నేను ఇంకొకటి చూడలేదు.

మస్తాన్‌కు ఈ సంగతి చెప్పడం నా పనే అయింది. అతను కండువా దులిపి భుజం మీద వేసుకుని, "బస్సుకి టైమయింది, రేపు క్వారీకి పోవాల" అని వెళ్ళిపోయాడు. నేను ఆ పూట అన్నం తినలేదు.

జ్ఞాపకశక్తి తిరిగి రావడం

కొత్తగా చేరే పిల్లలకు ఒక మాట. మీ పై ఆఫీసరుకు గుర్తు లేని సంగతులు ఏవో గుర్తుంచుకోండి. ఆయనకు అవసరం వచ్చినప్పుడు అవే ముందు గుర్తొస్తాయి.

ఆఫీసర్లు ఎవరి సర్వీసు వాళ్ళు సరిచేసుకున్నారని చెప్పాను గదా, స్పీక్ గారు కూడా తన కాయితం ముందే పంపుకున్నాడు. అందులో క్యాంపులో టెంపరరీగా చేసిన రెండేళ్ళు కూడా రాసుకున్నాడు, మాకెవరికీ చెప్పకుండా. పింఛను పెరుగుతుందంటే బడాయి ఎక్కడ నిలుస్తుంది? సాక్షిగా వాళ్ళ బావమరిది చేత సంతకం పెట్టించాడు. ఆ బావమరిది వినుకొండలో పొగాకు వ్యాపారి. జిల్లా ఆఫీసు నుంచి కాయితం తిరుగుటపాలో వెనక్కి వచ్చింది. ఆ క్యాంపులో ఆ రోజుల్లో కొలువులో ఉన్న సర్కారు నౌకరు సాక్ష్యం కావాలి, గడువులోగా పంపకపోతే ఆ రెండేళ్ళు కలపరు అని.

మస్తాన్‌కు ఏ రూలు చూపించాడో ఆ రూలే. ఈసారి ఆయన "స్పీక్" అని రాయలేదు. తానే లేచి నా బల్ల దగ్గరకు వచ్చాడు. చేరిన నాటినుంచి ఆయన నా బల్ల దగ్గరకు రావడం అదే మొదలు.

"డేవిడ్, ఆ మస్తాన్ ఎక్కడుంటాడు?"

"ఏ మస్తానండీ?"

"అదేనయ్యా, మా క్యాంపులో ఉండేవాడు."

మా క్యాంపు! పక్క బల్ల గుమాస్తా దగ్గొచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత టీ కొట్టు దగ్గర, "వసుదేవుడంతటివాడు గాడిద కాళ్ళు పట్టుకున్నాడు" అన్నాడు. సామెత బాగానే ఉంది గాని, ఇక్కడ గాడిద ఎవరో సరిగ్గా చూసుకోమన్నాను.

మాచర్లకు బంట్రోతును పంపితే మర్నాడు మస్తాన్ వచ్చాడు. స్పీక్ గారు అతనికి కుర్చీ వేయించాడు! డఫేదారుగా ఇలాంటి గదుల గుమ్మాల బయట ఏళ్ళ తరబడి నిలబడ్డ మనిషి ఆ కుర్చీని చూసి, ముందు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కూర్చోమని రెండుసార్లు చెబితే అంచు మీద కూర్చున్నాడు.

"ఏం మస్తానూ, బాగున్నావా? ఆ రోజులు గుర్తున్నాయిరా నీకు?"

"గుర్తుండకేందయ్యా. తమరికే మరుపొచ్చిందని దావీదయ్య చెప్పాడు."

స్పీక్ గారు ఆ మాట విననట్టు ఒక కాయితం నా ముందుకు తోశాడు. సాక్ష్యం ఆయనే రాసుకున్నాడు. వేలిముద్ర ఒక్కటే తక్కువ. "చదివి వినిపించు. రూలు గదా" అన్నాడు.

చదివి వినిపించగా

చదివాను. ఫలానా ఏడు నుంచి ఫలానా ఏడు దాకా, రెండేళ్ళు, నేను బిళ్ళ బంట్రోతుగా పై క్యాంపులో ఉన్నాను, వీరు గుమాస్తాగా ఉన్నారు, ఇది నేను ఎరిగిన నిజం అని ఉంది. ఆయన చేరిన నాటినుంచి ఆయన వెళ్ళిన నాటిదాకా, సరిగ్గా అంతే. తన అవసరం మేరకే మస్తాన్‌ను క్యాంపులో ఉండనిచ్చాడు. దానికి ముందూ వెనకా మస్తాన్ లేడు. ఆ రెండేళ్ళే ఒప్పుకుంటే మస్తాన్ పింఛనుకు చాలదు. ఆ సంగతి స్పీక్ గారికి బాగా తెలుసు, ఆ ఫైలు తిరస్కరించినవాడు ఆయనే గదా.

నేను చదవడం అయ్యింది. మస్తాన్ ఆ కాయితం వైపు వేలు చూపించాడు.

"అది తప్పయ్యా" అన్నాడు.

స్పీక్ గారి మొహం మారింది. "ఏంట్రా తప్పు? నేను లేనా క్యాంపులో?"

"తమరున్నారు. ఎందుకు లేరు! నా సంగతే తప్పు. తమరు వచ్చేసరికే నేనుండా. తమరు బదిలీ అయిపోయాక కూడా నేనుండా, దొర డేరాలు కట్టేసి పోయిందాకా ఉండా. తమరితో పాటే వచ్చి తమరితో పాటే పోయినట్టు రాశారిందులో. అట్టా ఎట్టా వేలెయ్యను?"

"నీ సంగతి ఇందులో అవసరం లేదు మస్తానూ. ఇది నా కాయితం."

"వేలు నాది గదయ్యా. అల్లా మీద ఆన, సగం నిజానికి నేను వెయ్యను. నిండా రాయండి, ఇప్పుడే వేత్తా."

గొంతు పెంచలేదు. బేరం ఆడటానికి రాలేదు అతను. తన ఫైలు ఊసే ఎత్తలేదు. నిజం నిజంలాగా రాయమంటున్నాడు, అంతే. స్పీక్ గారు నా వైపు చూశాడు, ఏదో ఉపాయం చెప్పమన్నట్టు. ఉపాయం నా దగ్గర ఉంది. దానికోసం నేను జిల్లా ఆఫీసు కాయితం చూసిన నాటినుంచి నోరు కట్టుకుని ఉన్నాను.

"అయ్యా, ఇంకో చిక్కు కూడా ఉందండి. సాక్షి సర్కారు నౌకరై ఉండాలి. క్యాంపు రోజుల్లో మస్తాన్ సర్కారు నౌకరు అనడానికి సాక్షి లేడని తమరే అతని ఫైలు మీద రాశారు. అది అలాగే ఉంటే జిల్లా ఆఫీసువాళ్ళ లెక్కలో ఇతనూ బండి నాగయ్యా ఒకటే. ఈ వేలిముద్ర చెల్లదండి."

స్పీక్ గారి చెవులు ఎర్రబడ్డాయి. నాకు ఎంత ఆనందం వేసిందో దాచుకోను. ఇన్నేళ్ళ సర్వీసులో నాకు దొరికిన ఇంక్రిమెంట్లన్నీ ఒక ఎత్తు, ఆ ఎర్రబడ్డ చెవులు ఒక ఎత్తు.

"అయితే ఏం చెయ్యమంటావు?"

"ముందు అతని సర్వీసు తమరు ఎరుగుదురని అతని ఫైలులో రాయండి. క్యాంపులో చేరిన నాటినుంచి చివరిదాకా. అప్పుడు అతను సర్కారు నౌకరు అవుతాడు. అప్పుడు తమరికి సాక్షి అవుతాడు. తమరి గడువు ఎల్లుండే గదండీ."

"నాకు గుర్తు లేదని చెప్పానే."

"అది నోటి మాటండి. రాయలేదు."

పెన్ను తీశాడు. మస్తాన్ ఫైలు తెప్పించి, తిరస్కరించిన మాట కింద, "తర్వాత విచారించగా" అని మొదలుపెట్టి, తాను స్వయంగా ఎరుగుదునని, ఇతను నమ్మకంగా పనిచేశాడని, సర్వీసంతా కలపవచ్చని రాసి సంతకం చేశాడు. తర్వాత తన కాయితం చించేసి నిండా రాయించాడు. నేను మళ్ళీ చదివి వినిపించాను. మస్తాన్ ఈసారి ప్రతి మాటకూ తల ఊపుతూ విని, "ఆఁ, ఇప్పుడు సరిపోయింది" అని వేలిముద్ర వేశాడు. రాళ్ళకు చర్మం అరిగిపోయి గీతలు సరిగా పడలేదు. రెండోసారి సిరా పూసి నేనే అతని వేలు పట్టుకుని నొక్కాను.

స్పీక్ గారు కాయితం ఆరబెట్టుకుంటూ పెద్దమనిషిలా అన్నాడు, "చూశావా మస్తానూ, నీ పని చేసి పెట్టాను."

ఇలాంటి మాట ఆఫీసరు నోట వచ్చినప్పుడు చెప్పుతో కొట్టినట్టు జవాబు చెప్పాలని ప్రతి గుమాస్తాకూ ఉంటుంది. పెళ్ళాం పిల్లలు గుర్తొచ్చి మింగేస్తాడు. నేనూ మింగాను.

కిటికీ దగ్గర

రెండు ఫైళ్ళూ ఒకే దారానికి కట్టి నేనే గుంటూరు పోయి జిల్లా ఆఫీసులో ఇచ్చి వచ్చాను. విడివిడిగా పంపితే ఒకటి చేరి ఇంకొకటి దారిలో తప్పిపోతుందని నాకు తెలుసు. ఏది తప్పిపోతుందో కూడా తెలుసు. మద్రాసుతో తెగిపోకముందే రెండూ ఖాయమయ్యాయి.

కొత్త రాష్ట్రం వచ్చింది. ఆఫీసుల మీద రంగులు మారాయి, జెండా ఎగరేశారు, స్పీక్ గారు ఉపన్యాసం ఇచ్చాడు. నిస్వార్థ సేవ గురించి. పిల్లలకు మిఠాయి పంచారు. ఆ తర్వాత ఆయన ఇంకో మెట్టు ఎక్కి, పూలదండలతో రిటైరయ్యి, మంచి పింఛను తిని పోయాడు. ఇలాంటివాళ్ళకు దేవుడు ఏదో ఒక రోజు చూపిస్తాడని మా పాస్టరు గారు అనేవారు. నేను ఎదురు చూశాను, ఏమీ చూపించలేదు.

మస్తాన్‌కు మొదటి పింఛను ఇచ్చిన రోజు మాత్రం చెప్పి ముగిస్తాను. నెల మొదట్లో, వరండాలో అందరితో పాటు కూర్చున్నాడు. క్వారీ మానేశాడు. ఉతికిన చొక్కా వేసుకుని, తలకు నూనె రాసుకుని వచ్చాడు. పేరు పిలిచాను. లేచి వచ్చి, గుర్తు చూపించమనకముందే చెయ్యి చాపాడు. ముంజేతి మీద పాత కుక్క కాటు మచ్చ, పంచె విడిపించిన నాటిది. కాయితంలో అదే రాసి ఉంది. వేలిముద్ర తీసుకుని చీటీ రాసిచ్చాను. షరాబు ఇచ్చిన నోట్లు చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, వెళ్ళకుండా మళ్ళీ నా కిటికీ దగ్గరకు వచ్చాడు.

"ఆ అయ్యగారి సర్వీసు కూడా కలిసిందా?"

"కలిసింది భాయ్. నీ వేలిముద్ర మీదే కలిసింది."

"నన్ను తిప్పినట్టు ఆయన్ని కూడా తిప్పారా?"

"లేదు. ఒక్కసారి కూడా తిప్పలేదు. వేలిముద్ర చూసి వెంటనే ఒప్పుకున్నారు."

మస్తాన్ నా మొహంలోకి చూశాడు. వెటకారం లేదు, కోపం లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

"మరి తెల్లోళ్ళు ఎందుకు పోయినట్టయ్యా?"

వరండాలో ఇంకా చాలామంది ఉన్నారు. నేను తర్వాతి పేరు పిలిచాను.